పెద్దదిక్కు: ఒక ఆచారపు చరిత్ర

దారిద్ర్యమునకు రూపములు అనేకములు. తినుటకు కూడు, కట్టుటకు గుడ్డ, తలదాచుకొనుటకు గూడు లేకుండుట అందఱి కంటికిని కనబడు రూపము. దానిని తొలగించుటకు ప్రభుత్వములును ధర్మసంస్థలును ఎంతో కొంత పాటుపడుచునే యున్నవి. కాని పదమూడు, పదునాలుగేండ్ల ప్రాయమున, బాల్యము వీడిపోయి యౌవనము ఇంకను చేరువ గాని సంధికాలమున, తాను బడికి పోయినను మానినను, రాత్రి ఇల్లు చేరినను చేరకున్నను అడుగువా రెవ్వరును లేరని తెలిసికొన్న పిల్లవాని హృదయమును క్రమక్రమముగా కుంగదీయు లేమి మఱియొకటి కలదు. అది పైకి కనబడదు. ఒకప్పుడు మౌనముగాను, ఒకప్పుడు మొండితనముగాను, ఒకప్పుడు దొంగతనముగాను, మఱియొకప్పుడు తన్ను తానే హింసించుకొనుటగాను అది బయలుపడును. లోకము ఆ బయలుపడిన దానిని చూచి శిక్షించుచు వచ్చినదే గాని, లోపలి లేమిని గుర్తించుటకు చాలకాలము పట్టినది.

ఆ లేమిని తీర్చుటకై పుట్టిన ఆచారములలో, తల్లిదండ్రులు గాని, జీతము పుచ్చుకొను ఉద్యోగులు గాని కాని పరాయి పెద్దలు, కేవలము తమ యిష్టముచేత ఒక్కొక్క పిల్లవానిని ఎంచుకొని, వారమున కొకపూట యైనను వానితో గడపుచు, వాని మంచిచెడ్డలు కనుగొనుచు, వానికి పెద్దదిక్కుగా నిలుచు ఆచారము మిక్కిలి గొప్పది. నేడు మెంటరింగ్ అను పేర ప్రపంచమంతట వ్యవహరింపబడుచున్న ఈ పద్ధతికి అమెరికా దేశమున ఒక దీర్ఘమైన చరిత్ర కలదు. అందు మహోదారమైన ఘట్టములతోపాటు, సదుద్దేశముతో చేసిన పనియే పిల్లలకు కీడుగా పరిణమించిన ఘట్టము కూడ కలదు. ఆ రెండింటిని కలిపి చదువుకొన్నవారికే ఈ ఆచారపు తత్త్వము బోధపడును.

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున అమెరికా నగరములలో తిండికై దొంగిలించిన పదేండ్ల బాలుడును, దారికాచి దోచిన గజదొంగయు ఒకే కారాగారమున పడియుండెడివారు. ఆ దురవస్థను మాన్పవలెనని న్యూయార్కు నగరమున 1825లో ‘హౌస్ ఆఫ్ రెఫ్యూజ్’ అను సంస్కరణాలయము పిల్లలకై ప్రత్యేకముగా నెలకొల్పబడెను. కాలక్రమమున అదియు గంట కొట్టగా లేచి, గంట కొట్టగా పని చేసి, గంట కొట్టగా నిద్రించు మఱియొక కారాగారమే అయ్యెను. తరువాత చార్లెస్ లోరింగ్ బ్రేస్ అను మతాచార్యుడు 1853లో చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీని స్థాపించి, నగర వీధులలో తిరుగాడు పిల్లలను రైళ్ళలో ఎక్కించి పడమటి రాష్ట్రముల రైతుకుటుంబములకు అప్పగించు పద్ధతిని మఱుసటి సంవత్సరమున ప్రారంభించెను. 1929 వఱకు సాగిన ఈ ప్రయాణములలో సుమారు 2 లక్షల మంది పిల్లలు తరలింపబడిరి. వారిలో కొందఱు కన్నబిడ్డలవలె పెరిగిరి. కొందఱు కూలి లేని పాలేరులుగా మిగిలిరి. ఈ రెండు పద్ధతులకును మూలమైన భావన యొకటే: పిల్లవానిని వాడు పుట్టిపెరిగిన చోటినుండి పెకలించి వేఱొకచోట ఉంచినచో బాగుపడునని. వాడున్నచోటనే వానిని నిలుపుకొని, వానికొక మనిషిని తోడిచ్చిన నేమగునో ఆనాడు అడిగినవారు అరుదు.

ఆ ప్రశ్నకు మాటలతో గాక చేతలతో సమాధానము చెప్పినవాడు బోస్టన్ నగరమున జోళ్ళు కుట్టుకొని జీవించు జాన్ ఆగస్టస్ అను గృహస్థుడు. 1841లో ఒకనాడు న్యాయస్థానమున కూర్చుండి, చెఱకు పోనున్న ఒక త్రాగుబోతును చూచి, జాలిగొని, తాను జామీను నిలిచి విడిపించి, మూడు వారముల తరువాత ఆనవాలు పట్టరాని మంచి మనిషిగా న్యాయాధిపతి యెదుట నిలువబెట్టెను. రెండేండ్ల తరువాత పిల్లల పక్షమున జామీను నిలుచుట మొదలిడెను. 1847లో ఏడేండ్లు మొదలు పదునైదేండ్ల వఱకు వయస్సు గల 19 మంది బాలురకు ఆయన పూచీ పడగా, న్యాయస్థానము వారి శిక్షను వాయిదా వేయుటకు సమ్మతించెను. నెలనెలయు విచారణ పట్టిక చదువు దినమున ఆగస్టస్ తన దుకాణము విడిచి వచ్చి, ఫలానా పిల్లవాడు బడికి పోవుచున్నాడు, ఫలానావాడు పనిలో కుదిరినాడు అని విన్నవించుచుండెను. ఐదాఱు నెలలు ఇట్లు గడచిన పిమ్మట వారిలో 12 మందిని ఒక్కమాఱుగా న్యాయాధిపతి సమక్షమునకు తీసికొనిపోగా, మొదట బోనులో నిలిచిన పిల్లలకును, ఆనాడు శుభ్రముగా నిలిచిన పిల్లలకును గల అంతరమును చూచి న్యాయాధిపతి సంతోషము వెలిబుచ్చెనని ఆగస్టస్ స్వయముగా వ్రాసికొన్నాడు. 1859లో మరణించువఱకు ఆయన దాదాపు 2 వేల మందికి పూచీపడెను. ఇందులకై ఆయనకు జీతము లేదు. ఆయన మరణించిన తరువాత, 1878లో, మసాచుసెట్స్ రాష్ట్రము ఇదే పనికి ‘ప్రొబేషన్’ అధికారిని జీతమిచ్చి నియమించుచు చట్టము చేసెను. పని చట్టమునకు ఎక్కినది. కాని ఒక్కొక్క అధికారి నెత్తిన పదులకొలది పిల్లలు పడుటచే, ఆగస్టస్ ఒక్కొక్క బాలునితో నెఱపిన ఆత్మీయత ఆ చట్టమున ఇమడలేకపోయెను.

శతాబ్ది ముగియుచుండగా షికాగో నగరమున మఱియొక ముందడుగు పడినది. వలసకూలీల వాడలో 1889లో జేన్ ఆడమ్స్ నెలకొల్పిన ‘హల్ హౌస్’ చుట్టును చేరిన జూలియా లేత్రప్ మొదలగు విదుషీమణుల కృషిఫలముగా 1899లో అచ్చట ప్రపంచమున తొలి బాలల న్యాయస్థానము వెలసెను. నేరము చేసిన పిల్లవానిని దండింపక రక్షింపవలెనను సూత్రము ఆనాడు చట్టరూపము దాల్చినది. ఆ న్యాయస్థానమునకు అనుబంధముగానే 1909లో విలియం హీలీ అను వైద్యుని ఆధ్వర్యమున బాలుర మానసిక పరీక్షకై ఒక సంస్థ ఏర్పడెను. మరలమరల నేరములు చేయు పిల్లలను ఒక్కొక్కరినే కూర్చుండబెట్టుకొని, వారి శరీరస్థితిని, ఇంటిస్థితిని, చదువును, వారిని పీడించు రహస్యవేదనలను ఓపికగా విని వ్రాసి, ఒక్కొక్క నేరము వెనుక ఒక్కొక్క కథ యున్నదని, ఏ ఒక్క కారణమును అందఱికిని అన్వయింపజాలమని హీలీ 1915లో తన గ్రంథమున నిరూపించెను. పిల్లవాని దుష్ప్రవర్తన వాని మనోవేదన యొక్క భాష కావచ్చునను ఎఱుక శాస్త్రలోకమున ప్రవేశించుటకు ఇట్టి పరిశీలనలే దారి తీసినవి.

అదే కాలమున న్యూయార్కున జరిగిన సంఘటన ఈ చరిత్రకంతటికిని నడిమికంబము. మాన్‌హాటన్ ద్వీపమున బాలల న్యాయస్థానము 1902లో తెఱవబడగా, ఎర్నెస్ట్ కూల్టర్ అను యువకుడు అందు గుమాస్తాగా చేరెను. గాలి వెలుతురు చొరని ఇరుకుగదులలో పది పదునైదుగురు కలిసి కాలము గడపు బీదవాడలను జేకబ్ రీస్ అను పత్రికావిలేఖకుడు 1890లోనే ఛాయాచిత్రములతో లోకమునకు చూపియుండెను. ఆ వాడలనుండి వచ్చు పిల్లలు, పత్రికలు అమ్మువారు, బూట్లు తుడుచువారు, బొగ్గు ఏఱుకొనువారు, పండ్లబండ్లమీద చేయి వేసి పట్టుబడినవారు, దినదినము కూల్టర్ బల్ల యెదుట బారులు తీరి నిలుచుండిరి. పేరు, వయస్సు, తండ్రి పేరు వ్రాసికొనుచు వ్రాసికొనుచు, ఈ పిల్లలలో హెచ్చుమందికి వెంట వచ్చి మాటాడు మనిషియే లేడని ఆయన కనుగొనెను. 1904 డిసెంబరులో ఒక ప్రెస్బిటేరియన్ చర్చికి సంబంధించిన పురుషుల సమాజమున ప్రసంగింపవలసి రాగా, కూల్టర్ దానధర్మములను యాచింపలేదు. సంస్కరణాలయమునకు పోనున్న ఒక బాలుని స్థితిని వర్ణించి, ఈ మహానగరమున తనను పట్టించుకొను మనుష్యుడు ఒక్కడైనను కలడని వానికి నమ్మకము కలిగించువా రెవరని అడిగెను. సభ ముగియునప్పటికి దాదాపు 40 మంది, ఒక్కొక్కరు ఒక్కొక్క బాలునికి అన్నగా ఉందుమని ముందుకు వచ్చిరి. ‘బిగ్ బ్రదర్స్’ ఉద్యమము అట్లు పుట్టినది.

దానికి ఒక సంవత్సరము ముందు, సిన్సినాటి నగరమున ఇర్విన్ వెస్ట్‌హైమర్ అను యువవర్తకుడు తన కార్యాలయపు కిటికీనుండి చూచుచుండగా, చెత్తకుండీలో తిండికై వెదకుకొనుచున్న ఒక బాలుడు కనబడెనట. ఆయన క్రిందికి దిగిపోయి, వానిని భోజనమునకు తీసికొనిపోయి, వాని తల్లిని, తోబుట్టువులను చూచి వచ్చి, నాటినుండి ఆ స్నేహమును విడువక, తన మిత్రులను కూడ ఇట్లే ఒక్కొక్క బాలుని చేరదీయుడని ప్రోత్సహించెనని ఆ నగరవాసులు చెప్పుకొందురు. న్యూయార్కుననే 1902 మొదలు క్యాథలిక్ స్త్రీల సమాజమొకటి న్యాయస్థానమునకు వచ్చిన బాలికలను చేరదీయుట కారంభింపగా, అదియే తరువాతి ‘బిగ్ సిస్టర్స్’ సంఘములకు నాంది అయ్యెను. ఒకరి నొకరు ఎఱుగని మనుష్యులు, వేఱువేఱు చోటుల, ఇంచుమించు ఒకేకాలమున ఒకే మార్గమును త్రొక్కుట చూడగా, నగరజీవనము ఛిన్నాభిన్నము చేసిన బంధుత్వమును మరల కల్పించుకొనవలెనను ఆకాంక్ష ఆనాటి సమాజమున ఎంత గాఢముగా నుండెనో తేటపడును. పల్లెలో మేనమామయు, ఇరుగుపొరుగు పెద్దయు చేయు పనిని నగరమున ఎవరో ఒకరు పూనుకొని చేయవలసి వచ్చినది.

ఈ సంఘములు దేశమంతట వ్యాపించిన కొలది ఒక క్రమమును అలవఱచుకొన్నవి. అన్నగానో అక్కగానో ఉండవచ్చినవారి నడవడిని విచారింతురు. వారి ఇంటికి పోయి మాటాడుదురు. తల్లి సమ్మతి పొందుదురు. అభిరుచులు కలిసినవారిని జతపఱతురు. కనీసము ఒక సంవత్సరము విడువక కలిసికొనవలెనని మాట తీసికొందురు. జతపడిన తరువాత సంఘపు కార్యకర్త ఇరువురిని అప్పుడప్పుడు పలుకరించి, చిక్కులున్నచో సవరించును. ఇక ఆ అన్నదమ్ములు చేయు పనులో, మిక్కిలి సామాన్యములు: కలిసి బంతియాట చూచుట, వీధి చివర భోజనము చేయుట, సైకిలు బాగుచేసికొనుట, లెక్కలు చేయుట, ఊరక నడచుట. 1946లో బిగ్ బ్రదర్స్ సంఘములన్నియు ఒక జాతీయసంస్థగా ఏర్పడెను. 1958లో దానికి అమెరికా కాంగ్రెసు గుర్తింపు లభించెను. 1977లో అక్కల సంఘములతో కలిసి ఏకసంస్థ అయ్యెను.

ఇంత సాగినను, ఈ స్నేహమువలన పిల్లలకు నిజముగా మేలు కలుగుచున్నదా యను ప్రశ్న చిరకాలము విశ్వాసముననే నిలిచియుండెను. దానిని పరీక్షకు పెట్టిన మహనీయుడు రిచర్డ్ క్లార్క్ కాబట్. ఆయన హార్వర్డు వైద్యుడు. ఆసుపత్రిలో రోగి ఇంటిపరిస్థితిని కూడ విచారించు సాంఘికసేవావిభాగమును 1905లో ప్రారంభించినవాడు. బాలుని జీవితము మలుపు తిరుగుటకు ఒక మంచి మనిషి స్నేహము చాలునని ఆయన దృఢవిశ్వాసము. బోస్టన్ సమీపమున కేంబ్రిడ్జి, సోమర్విల్ అను కార్మికవాసములనుండి 506 మంది బాలురను ఎంచి, వయస్సు, కుటుంబము, స్వభావము మొదలగు వానిలో సరితూగువారిని ఇద్దఱిద్దఱిగా జతచేసి, నాణెము ఎగురవేసి, జతలో ఒకనికి సలహాదారును ఇచ్చి, రెండవవానిని వాని మానాన విడుచునట్లు ఏర్పాటు చేసిరి. 1939లో ప్రారంభమైన ఈ కార్యము 1945 వఱకు సాగెను. సలహాదారులు సగటున నెలకు రెండుమాఱులు ఇంటికి పోయి బాలుని చూచుచుండిరి. సగముకంటె ఎక్కువమందికి చదువు చెప్పించిరి; నూఱుమందికి పైగా వైద్యసహాయము చేయించిరి; నాలుగవవంతు పిల్లలను వేసవి శిబిరములకు పంపిరి. ఆనాటి విజ్ఞానమునకు తోచిన మేలు ఏదియు విడువలేదు. కాబట్ తన ప్రయత్నఫలమును చూడకయే 1939లో గతించెను.

1951లో వెలువడిన తొలి సమీక్షలో ఉభయవర్గముల నడుమ చెప్పుకొనదగిన అంతరము కనబడలేదు. అంతటితో ఆగియున్నచో ఆ ప్రయోగము మఱుగున పడియుండెడిది. కాని జోన్ మెకార్డ్ అను విదుషి ముప్పదియేండ్ల తరువాత ఆ బాలుర జాడలు తీసి, న్యాయస్థానముల, ఆసుపత్రుల, మరణముల పట్టికలను శోధించి, 1978లో తన నిర్ణయమును ప్రకటింపగా లోకము నిర్విణ్ణమయ్యెను. సహాయము పొందినవారిలో మూడింట రెండువంతుల మంది ఆ కార్యక్రమము తమకు మేలు చేసినదని కృతజ్ఞతతో చెప్పిరి. పట్టికలు మాత్రము, సహాయము పొందినవారిలోనే మరల నేరము చేసినవారు, త్రాగుడుకు లోబడినవారు, తీవ్రమనోవ్యాధికి గుఱియైనవారు, చిన్నవయస్సున మరణించినవారు హెచ్చుగా నున్నారని తెలిపినవి.

ఈ ఫలితమును చూచి దయయే నిష్ఫలమని నిర్ణయించుట తొందరపాటు. మెకార్డ్ స్వయముగా ఆలోచించిన కారణములు గమనింపదగినవి. ఎవరో వచ్చి అన్నియు చక్కబెట్టుదురను ఆశ పిల్లవానిలో మొలకెత్తి, ఆ చేయూత తొలగిన పిమ్మట లోకము వానికి మునుపటికంటె కఠినముగా తోచియుండవచ్చును. నీవు సహాయము కావలసినవాడవు అను ముద్ర వాని మనస్సున పడియుండవచ్చును. కొంతకాలము తరువాత ఆమె సహచరులతో చేసిన మఱియొక పరిశీలనలో, కీడు ప్రధానముగా ఒకటికంటె ఎక్కువమాఱులు వేసవి శిబిరములకు పోయిన బాలురయందే కానవచ్చినది. చెడునడతకు మొగ్గిన పిల్లలందఱిని ఒకచోట చేర్చినప్పుడు ఒకరి నొకరు మెచ్చుకొని ఆ నడతనే బలపఱచుకొందురని తేలినది. దీనికితోడు, అది యుద్ధకాలము. సలహాదారులలో పలువురు సైన్యమునకు పోగా, వారి స్థానమున క్రొత్తవారు వచ్చిరి. తండ్రి ప్రేమ ఎఱుగని బాలుడు ఒకనిని నమ్మి, వాడు వెడలిపోగా మఱియొకనిని నమ్మవలసివచ్చినప్పుడు, వాని మనస్సున నాటుకొను పాఠము స్నేహముగూర్చినది కాదు, వియోగముగూర్చినది. ఆ సలహాదారులు మంచివారే, ఉద్దేశము పవిత్రమైనదే, కాని నెలకు రెండుమాఱుల దర్శనము, మధ్యమధ్య మార్పు, చివరకు అందఱికి ఒక్కసారిగా విరమణ, ఇవి కలిసి స్నేహమను దానికి కార్యక్రమపు రూపము మాత్రమే మిగిల్చినవి.

నిజమైన ఆలంబనము ఎట్లుండునో ఒక ద్వీపమునుండి తెలిసినది. హవాయి దీవులలోని కవాయీయందు 1955లో పుట్టిన 698 మంది శిశువులను ఎమ్మీ వెర్నర్ అను మనశ్శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో కలిసి దశాబ్దముల తరబడి పరిశీలించెను. వారిలో దారిద్ర్యము, ఇంట కలహము, తల్లిదండ్రుల త్రాగుడు లేక మనోవ్యాధి మొదలగు కష్టములు చుట్టుముట్టినవారిని వేఱుచేసి చూడగా, అందు మూడవవంతు మంది ఏ వికారమును పొందక, సమర్థులై, స్నేహశీలురై పెరిగిరి. వారి జీవితములలో సమానముగా కానవచ్చిన అంశము, తల్లిదండ్రులు కాకున్నను తమను నమ్మి నిలిచిన ఒక పెద్ద ఉండుట: అమ్మమ్మయో, పొరుగింటి ఆమెయో, ఉపాధ్యాయుడో. వారిని ఏ సంస్థయు నియమింపలేదు. వారు విరమింపను లేదు.

1990 దశకమున బిగ్ బ్రదర్స్, బిగ్ సిస్టర్స్ సంఘములు కూడ పరీక్షకు సిద్ధపడినవి. 8 నగరములలో 10 మొదలు 16 ఏండ్ల వయస్సు గల 959 మంది పిల్లలలో కొందఱికి వెంటనే పెద్దను జతపఱచి, తక్కినవారిని పదునెనిమిది నెలలు వరుసలో నిలిపి పోల్చి చూడగా, 1995లో ప్రకటితమైన ఫలితము ఆశావహముగా నుండెను. పెద్ద తోడున్నవారిలో మాదకద్రవ్యములు క్రొత్తగా మొదలిడినవారు 46 శాతము తక్కువ. మద్యము మొదలిడినవారు 27 శాతము తక్కువ. వారు బడి ఎగవేసిన దినములు ఇంచుమించు సగము. జీన్ రోడ్స్, జీన్ గ్రాస్మన్ అను పరిశోధకురాండ్రు అదే సమాచారమును మరల లోతుగా పరిశీలించి, 2002లో ఒక సత్యమును వెలువరించిరి: సంవత్సరమును మించి నిలిచిన స్నేహములే అధికఫలమిచ్చినవి, మూడునెలలు నిండకయే తెగిపోయిన స్నేహములు పిల్లల ఆత్మగౌరవమును మొదటికంటె దిగజార్చినవి. కేంబ్రిడ్జి, సోమర్విల్ బాలుర దుఃఖము ఈ వాక్యమున అర్థమగుచున్నది. విడిచిపోవు స్నేహము ఏమియు లేకుండుటకంటె హానికరము.

మనోవ్యథకు సంబంధించి స్పష్టమైన సాక్ష్యము 2013లో లభించినది. వాషింగ్టన్ రాష్ట్రమున 1,300 మందికి పైగా పిల్లలను పరిశీలించిన హెరెరా, డుబాయిస్, గ్రాస్మన్ అనువారు, ఆ పిల్లలలో దాదాపు నాలుగవవంతు మంది ఆరంభముననే కలవరపెట్టదగినంతగా క్రుంగిపోయి యుండిరని, పెద్దల తోడు పొందినవారిలో మిక్కిలి స్థిరముగా కానవచ్చిన మేలు ఆ క్రుంగుబాటు తగ్గుటయే యని తెలిపిరి. ఇది జరుగు విధము రోడ్స్ మొదలగువారి పరిశీలనలచే కొంత తెలియవచ్చుచున్నది. క్రుంగిన పిల్లవాడు ఒక మార్కు తగ్గినను తాను పనికిరానివాడననియు, స్నేహితుడు పలుకరింపకున్న తన్ను లోకము వెలివేసినదనియు తలంచును. అప్పుడు ప్రక్కన నడచు పెద్ద, ఉపదేశము చేయక, తాను కూడ ఒకప్పుడు తప్పితినని, అది గడచిపోయినదని చెప్పినప్పుడు, ఆ తలంపు సడలును. కోపమును, సిగ్గును, భయమును మాటలలో పెట్టుట వానికి అలవడును. అంతకంటె విశేషమేమనగా, ఒక పెద్దను నమ్మగలిగిన పిల్లవాడు ఇంటికి పోయి తల్లిని కూడ కొంత నమ్మును. చదువులో కలిగిన మెఱుగుదలకు తల్లిదండ్రులతో సఖ్యము కుదురుట ఒక కారణమని 2000లో రోడ్స్ బృందము చూపెను. కావున మంచి పెద్ద తల్లిదండ్రుల స్థానము నాక్రమింపడు. వారివైపునకే పిల్లవానిని మరల్చును. తీవ్రవ్యాధి సోకినవానికి వైద్యుడు కావలసినదే. ఆ వైద్యుని యొద్దకు వెఱవక పోవుటకు చేయి పట్టుకొనువాడు కూడ కావలెను.

తెలుగుదేశమునకు ఈ ఆచారము క్రొత్త కాదు. వారాలు చెప్పుకొని చదువుకొన్నవారి కథలు మన పూర్వతరముల జీవితచరిత్రలలో అడుగడుగునను కానవచ్చును. సోమవారము ఒక ఇంట, మంగళవారము ఒక ఇంట భోజనము చేయు పిల్లవానికి ఏడు ఇండ్ల గృహిణులు అన్నము పెట్టుటయే గాక, వాడు నీరసించిన ఏమిరా అని అడుగుచు, పరీక్ష తప్పిన ఊరడించుచు ఉండెడివారు. ఆ ఆదరము ఎక్కువగా ఒక కులమునకు చెందిన బాలురకే పరిమితమైనదన్న సత్యమును మఱువరాదు. ఆ గీతను దాటి, కాకినాడలో రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు బీదవిద్యార్థులను, అనాథలను కులభేదము లేక చేరదీసి సాకుట అందుచేతనే అంత మహిమ గలదైనది.

టంగుటూరి ప్రకాశము పంతులుగారి బాల్యము ఈ విషయమున గొప్ప నిదర్శనము. తండ్రి చిన్నతనముననే గతింపగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడపి పిల్లలను పోషించెను. ఆనాడు ఆ వృత్తి గౌరవము లేనిది. ఆ స్థితిలోని కుఱ్ఱవానిని ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు దగ్గరకు తీసి, చదువు చెప్పి, తన నాటకములలో వేషములిచ్చి, తాను రాజమహేంద్రవరమునకు తరలునప్పుడు ఆ పిల్లవానిని ఒంగోలులో విడువక, వెంటబెట్టుకొనిపోయెను. ఊరు మాఱినప్పుడు స్నేహమును త్రుంచుకొనకుండుట యెట్టిదో ఈ ఒక్క పని తెలుపుచున్నది. ఆ కుఱ్ఱవాడే తరువాత న్యాయవాదియై, రాజమహేంద్రవర పురపాలక సంఘాధ్యక్షుడై, మదరాసు రాష్ట్రమునకును, పిమ్మట 1953లో ఆంధ్రరాష్ట్రమునకును నాయకత్వము వహించెను. అట్టి పదవులు రాకున్నను ఆ ఉపాధ్యాయుని పుణ్యము తగ్గెడిది కాదు.

నేడు మన రెండు రాష్ట్రములలోను, 1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకుల విద్యాలయపు త్రోవలో, లక్షలకొలది బీదపిల్లలు పదియేండ్లు దాటగనే ఇల్లు విడిచి గురుకులములలోను సంక్షేమ వసతిగృహములలోను పెరుగుచున్నారు. వారికి అన్నము, పుస్తకములు, దుస్తులు లభించుచున్నవి. ఇది సామాన్యవిజయము కాదు. ఐనను ఒక్కొక్క హాస్టలు వార్డెనునకో, హౌస్ మాస్టరునకో అప్పగింపబడిన పిల్లలు అనేకులు. ఆదివారము తల్లిదండ్రులు చూడవచ్చు దినమున గేటువద్దకు ఎవరును రాని పిల్లలు వారిలో ఎవరో ఆ మాస్టరునకు తెలియును గాని, వారిని వేఱువేఱుగా కూర్చుండబెట్టుకొనుటకు ఆయనకు తీరిక ఉండదు. 2015 నాటి బాలన్యాయచట్టము సంరక్షణాలయములందలి ప్రతి పిల్లవానికి వ్యక్తిగతమైన సంరక్షణప్రణాళిక ఉండవలెనని శాసించినది. ప్రణాళిక కాగితమునకు ప్రాణము పోయుటకు ఒక మనిషి కావలెను. పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులు, అదే గురుకులములలో చదివి ఉద్యోగస్థులైనవారు, స్థిరనివాసము గల గృహస్థులు, నడవడి విచారణకును కార్యకర్తల పర్యవేక్షణకును లోబడి, ఒక్కొక్కరు ఒక్కొక్క పిల్లవానికి పూచీ పడినచో, ఆగస్టస్ బోస్టనులోను, హనుమంతరావు నాయుడుగారు ఒంగోలులోను చేసిన పని ఇచ్చట ఏ పట్టణమునందైనను చేయవచ్చును.

ఐతే పూనుకొనువారు కాబట్ ప్రయోగమును తలచుకొనియే పూనుకొనవలెను. ఉత్సాహముతో వచ్చి, నాలుగు ఆదివారములు పిల్లలతో ఆడి, ఛాయాచిత్రములు తీయించుకొని, అయిదవ ఆదివారము రాకుండుట, ఇదివఱకే విడువబడిన పిల్లవానిని మఱియొకమాఱు విడుచుట యగును. రాలేని దినమున ముందుగా చెప్పవలెను. ఊరు మాఱవలసినచో ఉత్తరము, ఫోను మానరాదు. సెలవు పుచ్చుకొనక తప్పనిచో, ఆ సెలవును పిల్లవానితో కూర్చుండి, కారణము చెప్పి, వాని దుఃఖమును విని పుచ్చుకొనవలెను. సంస్థలు కూడ ఎంతమంది పిల్లలకు పెద్దలను జతపఱచితిమని లెక్కించుటకంటె, రెండవ సంవత్సరము ముగియునప్పటికి ఎన్ని జతలు నిలిచినవని లెక్కించుట మేలు. ఒక పిల్లవానికి పెద్దదిక్కుగా ఉందునని వచ్చినవానిని తొలుత అడుగవలసినది, నీవేమి ఇయ్యగలవని కాదు, ఈ ఊరిలో ఇంకను ఎన్నేండ్లు ఉందువని.